కూలిన దేశానికి జీతం లేని గుమాస్తాలు

సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో అంతరించిందని చరిత్ర పుస్తకాలు రాస్తున్నాయి. తొందరపడ్డాయి. పార్టీ పోయింది, పంచవర్ష ప్రణాళికలు పోయాయి, మ్యాపులో రంగు కూడా పోయింది, కాదనను. కానీ ఏ రాజ్యానికైనా అసలు ప్రాణం రికార్డు సెక్షన్లో ఉంటుందని ఒక్కసారి ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లొచ్చిన తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు. ఆ సెక్షన్ ఇంకా నడుస్తోంది. రాత్రి పదకొండు దాటాక, ఇంట్లోవాళ్లు పడుకున్నాక, టెక్సాస్‌లోనో మాంచెస్టర్‌లోనో ఒకాయన భూతద్దం పట్టుకుని కూర్చుంటాడు. ఎదురుగా ఒక వెండి నక్షత్రం. దాని వెనక చెక్కిన నంబరును కాగితం మీదికి ఎక్కిస్తాడు. ఆ నంబరు ఎవరిది, ఏ తేదీన ఇచ్చారు, ఎందుకిచ్చారు అన్నది తేలేదాకా ఆయనకు నిద్ర పట్టదు. సోవియట్ పతకాలు సేకరించే ఈయనే ఆ ప్రభుత్వానికి మిగిలిన ఆఖరి ఉద్యోగి. జీతం లేదు సరికదా, ఎదురు పెట్టుబడి.

బ్రిటిష్‌వాళ్లు పతకం అంచు మీద సిపాయి పేరు చెక్కి ఇచ్చేవాళ్లు. దాంతో సగం పని అక్కడే అయిపోయేది. సోవియట్‌వాళ్లు ముందుచూపున్నవాళ్లు. ‘ఆర్డర్లు’ అనే పెద్ద పతకాల వెనక పేరు బదులు నంబరు వేశారు. ఆ నంబరు ఎవరిదో వేరే కార్డు మీద రాసి, ఆ కార్డును తమ దగ్గర పెట్టుకున్నారు. మనిషి హోదా పోవచ్చు, పేరు చెరిగిపోవచ్చు, అసలు మనిషే మాయమైపోవచ్చు. నంబరుకు మాత్రం ఢోకా లేదు. ఎర్ర జెండా ఆర్డరు మొట్టమొదట 1918లో వసీలీ బ్ల్యూఖర్‌కు ఇచ్చారు. 1930లో రెడ్ స్టార్ ఆర్డరు పెట్టినప్పుడు అందులోనూ మొదటివాడు ఆయనే. తర్వాత మార్షల్ హోదా ఇచ్చారు. 1938లో అరెస్టు చేసి, లెఫోర్తొవో జైల్లో చిత్రహింసలు పెట్టి చంపారు. వరసలో ముందుండటం ఆ రోజుల్లో ఆరోగ్యానికి అంత మంచిది కాదు.

ఆ రెడ్ స్టార్‌నే ఒకసారి చేతిలోకి తీసుకుందాం. అరచేతిలో ఇమిడిపోయే వెండి నక్షత్రం, అయిదు కొమ్మల మీదా ముదురెరుపు ఎనామెల్. కొమ్మ చివర ఎనామెల్ కాస్త చిట్లిందంటే ధర పడిపోతుంది. తూటా తగిలి చిట్లిందని రుజువైతే మాత్రం ఆకాశానికి పోతుంది. నక్షత్రం మధ్యలో పొడుగు కోటు వేసుకుని తుపాకీ పట్టుకున్న సైనికుడు. అతని చుట్టూ రష్యన్‌లో ‘ప్రపంచ కార్మికులారా, ఏకం కండి’. వెనక్కి తిప్పితే మధ్యలో మర, దానికి బిగించే గుండ్రటి వెండి నట్టు, టంకశాల పేరు, కింద నంబరు. ముందున్న నినాదాన్ని మన గుమాస్తా చదవడు. ఆయన చూసేది సైనికుడి కాళ్లు. ఆ కాళ్లకు బూట్లున్నాయా, లేక గుడ్డ పట్టీలు చుట్టుకున్నాడా? బూట్లవాడిది ఒక రకం, పట్టీలవాడిది మరో రకం. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ ప్రజలు దాదాపు 2 కోట్ల 70 లక్షల మంది చనిపోయారు. అందులో ఎంతమందికి కాళ్లకు సరైన బూట్లున్నాయో ఎవరూ అడగలేదు గానీ, మిల్లీమీటర్లలో ఉన్న ఈ ఒక్క సైనికుడి పాదరక్షల మీద మాత్రం పెద్దమనుషుల మధ్య మాటలు ఆగిపోయిన సందర్భాలున్నాయి.

ఒకే మనిషి ఛాతీ మీద ఉన్న పతకాలన్నీ చెదిరిపోకుండా ఒక్కచోట దొరికితే దాన్ని గ్రూపు అంటారు. ఫొటో అంటించిన ఆర్డరు పుస్తకం కూడా జతగా ఉంటే ఇక పండగే. తర్వాతి మెట్టు పరిశోధన. మాస్కోకు దక్షిణాన పొదోల్స్క్‌లో రక్షణశాఖ కేంద్ర ఆర్కైవ్ ఉంది. అక్కడి కార్డు మీద మనిషి పుట్టిన ఊరు, పార్టీ సభ్యత్వం, వచ్చిన పతకాల నంబర్లు వరసగా ఉంటాయి. కార్డు దొరికితే దాని వెంట సిఫారసు పత్రం వెతకాలి. ఫలానా తేదీన, ఫలానా ఊరి దగ్గర, ఎదురుకాల్పుల మధ్య ఫలానా సార్జెంటు రెండు మెషిన్‌గన్ గూళ్లను ధ్వంసం చేసి పదిహేనుమంది శత్రువులను మట్టుబెట్టాడు అని పైఅధికారి రాసిన కాగితం అది. శవాలను ఎవరు లెక్కపెట్టారు, కాల్పులు ఆగాయా లేదా అనే ప్రశ్నలు అడగకూడదు. అడిగితే గ్రూపు విలువ తగ్గుతుంది. 2010లో రష్యా రక్షణశాఖ యుద్ధకాలపు అవార్డు కాగితాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టేసరికి ఈ గుమాస్తాలు కొన్నాళ్లు భోజనాలు కూడా మర్చిపోయారని వినికిడి. ఏ ప్రభుత్వమూ తన మాజీ సిబ్బందికి ఇంత సౌకర్యం చేసిపెట్టలేదు.

ఇంత చేశాక కొండను తవ్వి ఎలుకను పట్టడమూ ఉంది. కార్డు వస్తుంది. ట్యాంకుకు ఎదురెళ్లినవాడో, ద్నీపర్ నదిని ఈదినవాడో అనుకున్న మేజరుగారి రెడ్ స్టార్ పక్కన ‘సర్వీసు కాలానికి’ అని ఉంటుంది. 1944 జూన్‌లో ఒక ఉత్తర్వు వేశారు: సైన్యంలో 10 ఏళ్లు పూర్తయితే సైనిక సేవా పతకం, 15 ఏళ్లకు రెడ్ స్టార్, 20కి ఎర్ర జెండా, 25కి లెనిన్ ఆర్డరు. 1957 దాకా ఇదే పద్ధతి. అంటే సాహసానికీ ఇంక్రిమెంటుకూ ఒకటే బిళ్ల. ఈ కార్డు చూడగానే గుమాస్తాగారి ముఖం మాడిపోతుంది. గ్రూపు కింది సొరుగులోకి వెళ్తుంది.

ఇక్కడ ఆయనతో నాకు పేచీ ఉంది. 1929లో ఎర్ర సైన్యంలో చేరి 1944లో 15 ఏళ్ల సర్వీసు పూర్తి చేసిన అధికారి అంటే ఏమిటి? 1937, 38 సంవత్సరాల్లో, స్తాలిన్ అరెస్టుల హోరులో, తన పైవాళ్లను, పక్కవాళ్లను రాత్రిపూట నల్ల కారొచ్చి తీసుకెళ్తుంటే తన గుమ్మం ముందు ఆ కారు ఆగకుండా గడిపినవాడు. 1941లో జర్మన్లు లక్షలాది మందిని చుట్టుముట్టి పట్టుకుంటుంటే దొరక్కుండా బయటపడ్డవాడు. తర్వాత స్తాలిన్‌గ్రాద్, కూర్‌స్క్ యుద్ధాలను కూడా దాటినవాడు. ఇంతకన్నా సాహసం ఇంకేముంది? ఆ రాజ్యం తెలిసి చేసినా తెలియక చేసినా, బతికున్నందుకు పతకం ఇవ్వడం అనేది అది తీసుకున్న నిర్ణయాల్లోకెల్లా నిజాయితీ గలది.

అసలు వీరుల సంగతికొస్తే మార్కెట్టు న్యాయమే వేరు. ‘సాహసానికి’ అనే పతకం 1938లో పెట్టారు. 1941లో, సైన్యం వెనక్కి పరుగెడుతున్నప్పుడు, అది చాలా తక్కువమందికి వచ్చింది. 1945కు వచ్చేసరికి ధారాళంగా పంచారు. కాబట్టి 1941 నాటిది బంగారంతో సమానం, 1945 నాటిది పప్పులో కరివేపాకు. సైనికులకు 1941లో ధైర్యం తక్కువైందా అంటే, కాదు. సిఫారసు రాయాల్సిన అధికారి, టైపు చేయాల్సిన గుమాస్తా, సంతకం పెట్టాల్సిన కమాండరు అందరూ ఒకే గోతిలో ఉండిపోయారు. ఆ గోతిలోని వాళ్లకు నంబర్లు లేవు. నంబరు లేనిదాని మీద పరిశోధన చేయలేం.

పతకంతో పాటు కొంచెం డబ్బు కూడా వచ్చేది. లెనిన్ ఆర్డరుకు నెలకు 25 రూబుళ్లు, రెడ్ స్టార్‌కు 15, సాహస పతకానికి 10, ట్రాములో ఉచిత ప్రయాణం. యుద్ధం గెలిచాక లెక్క చూసుకుంటే వీరులు మరీ ఎక్కువైపోయారు. 1948 జనవరి 1 నుంచి ఆపేశారు. పతకాలు పొందినవాళ్లే స్వయంగా కోరారని ఉత్తర్వులో రాసుకున్నారు. ప్రజలు కోరడం వల్లే ప్రజలకు రావాల్సింది ఆగిపోవడం మనకూ కొత్త కాదు కనుక, ఈ వాక్యం అందం ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పే పనిలేదు.

శ్రమ పతకాల దగ్గరికి వచ్చేసరికి గుమాస్తాగారికి ఆవులింతలు వస్తాయి. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికిన అట్టబైండు పుస్తకాలతో సోవియట్ దేశాన్ని ప్రేమించిన మన తరంవాళ్లు ఇది వింటే నొచ్చుకుంటారు. శ్రామికుల రాజ్యం మిగిల్చిన సరుకులో అన్నిటికన్నా చవకైనది శ్రామికుడి పతకమే. ‘శ్రమ వెటరన్’ పతకం 1974 నుంచి దాదాపు 4 కోట్ల మందికి ఇచ్చారు. ముప్ఫయ్యేళ్లు లేతు మిషను ముందు నిలబడినవాడి గ్రూపు కొనడానికి ఎవరూ రారు. వాడు ఎవరినీ చంపలేదు, అదీ లోపం. జెండాలు పట్టుకుని నడిచే ఆడ, మగ బొమ్మ ఉన్న ‘గౌరవ చిహ్నం’ ఆర్డరును ఆ దేశంవాళ్లే ‘హుషారు కుర్రాళ్లు’ అని పిలుచుకునేవాళ్లు.

నిజానికి పరిశోధనకు అసలైన మేత ఇక్కడే ఉంది. 1935 ఆగస్టులో దొన్‌బాస్ గనిలో అలెక్సేయ్ స్తఖానొవ్ ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తవ్వాడు, 7 టన్నుల కోటాకు 14 రెట్లు. వెనకాలే గని పైకప్పు కూలకుండా దుంగలు నిలబెడుతూ వచ్చిన ఇద్దరి పేర్లు ప్రపంచానికి అక్కర్లేకపోయాయి. అంతటివాడికీ సోషలిస్టు శ్రమ వీరుడు బిరుదు 1970లో గానీ రాలేదు. ఆ బిరుదు మొట్టమొదట 1939లో స్తాలిన్ తీసుకున్నాడు, 60వ పుట్టినరోజుకు. ఆయన ఏ షిఫ్టులో పనిచేశాడో కార్డులో లేదు. ఇక ర్యజాన్ ప్రాంతపు పార్టీ కార్యదర్శి అలెక్సేయ్ లరియోనొవ్ ఒక్క ఏడాదిలో మాంసం సరఫరాను మూడు రెట్లు చేస్తానని మాటిచ్చాడు. మాట నిలబెట్టుకోడానికి పాడి ఆవుల్ని కోయించాడు, పక్క జిల్లాల నుంచి మాంసం కొనిపించాడు. 1959 డిసెంబరులో శ్రమ వీరుడయ్యాడు. మరుసటి ఏడాది పశువులూ లేవు, మాంసమూ లేదు. 1960లో ఆయనా లేడు. ఆత్మహత్య అని చెప్పుకున్నారు. లక్ష్యాన్ని మూడొందల శాతం సాధించామని పవర్‌పాయింట్ వేసే సమీక్షా సమావేశాల్లో ఈ పతకాన్ని అద్దాల పెట్టెలో పెట్టి చూపించాలని నా కోరిక.

తల్లులకూ ఇచ్చారు. 1944లో పెట్టిన పద్ధతి ప్రకారం 5, 6గురు పిల్లలుంటే మాతృత్వ పతకం, 7 నుంచి 9 దాకా మాతృ కీర్తి ఆర్డరు మూడు తరగతుల్లో, 10 మందిని కంటే వీరమాత. ఎక్కువమందిని కనండని ఈమధ్య మన నాయకులూ పిలుపునిస్తున్నారు. నమూనా సిద్ధంగా ఉంది, బిళ్లలు పోతపోయించడమే తరువాయి.

పైస్థాయి నాయకుల ఛాతీల గురించి ఎక్కువ చెప్పను, చెప్పినా చాలదు. సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ నాలుగుసార్లు సోవియట్ యూనియన్ వీరుడు, నాలుగూ పుట్టినరోజు కానుకలే. యుద్ధ గతిని మార్చిన సేనానుల కోసం వజ్రాలు పొదిగి చేసిన విజయ ఆర్డరును 1978లో ఆయనకూ ఇచ్చారు, 1989లో రద్దు చేశారు. పతకాలకు చోటు చాలక ఛాతీ వెడల్పు చేసే ఆపరేషన్ చేయించుకున్నాడని అక్కడివాళ్లే నవ్వుకునేవాళ్లు. ఆయనకన్నా నాకు 1917 అక్టోబరు విప్లవానికి గుర్తుగా నిలిచిన అరోరా యుద్ధనౌక నచ్చుతుంది. అక్టోబరు విప్లవ ఆర్డరు మీద ఉండేది అరోరా బొమ్మ. 1968లో ఆ ఆర్డరును అరోరాకే ఇచ్చారు. తన ఫొటో తనకే బహూకరించినప్పుడు కూడా అది మాలలు వేయించుకుని ప్రసంగించలేదు.

1991 తర్వాత సంగతి తెలిసిందే. పింఛను రొట్టెకు కూడా చాలని రోజుల్లో ముసలివాళ్లు మాస్కోలో ఇజ్మాయిలొవో సంతలో గుడ్డ పరిచి అమ్ముకున్నారు. లెనిన్ ఆర్డరులో దాదాపు 28 గ్రాముల బంగారం, ప్లాటినం తల ఉంటాయి కాబట్టి కొన్ని లెనిన్‌లు నేరుగా కొలిమికి వెళ్లాయి. మేము కొనకపోతే అన్నీ కరిగిపోయేవని సేకర్తలు అంటారు. ఆ మాట నిజమే, ఒప్పుకోవాలి. రష్యాలో వీటిని కొనడం, అమ్మడం శిక్షాస్మృతి 324వ సెక్షన్ కింద నేరం. సోవియట్ రోజుల్లోనూ ఈ సరకుకు గిరాకీ ఉంది: 1983లో జర్నలిజం విద్యార్థులమంటూ వచ్చిన ఒక జంట వైస్ అడ్మిరల్ ఖొలొస్త్యకోవ్‌ను, ఆయన భార్యను మాస్కోలో వాళ్ల ఇంట్లోనే చంపి పతకాలు పట్టుకుపోయింది. దీనికి వ్యంగ్యం అతకదు, వదిలేస్తాను.

ఇప్పుడు కాగితాలన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి కాబట్టి కొత్త చిక్కు వచ్చిపడింది. రెండో వైపునుంచి కూడా వెతకొచ్చు. ఏ కజాన్‌లోనో ఒక మనవరాలు తాత పేరు కొడుతుంది. తాతకు రెడ్ స్టార్ వచ్చిందని, నంబరు ఇదని తేలుతుంది. ఆ నంబరు కొడితే టెక్సాస్‌లో మన గుమాస్తాగారు సగర్వంగా పెట్టిన ఫొటో కనిపిస్తుంది. ఆమె ఉత్తరం రాస్తుంది: మా ఇంట్లో ఆయన ఫొటో కూడా లేదు, ఎంతైనా ఇస్తాను, ఆ ఒక్క నక్షత్రం ఇవ్వగలరా. గుమాస్తాగారు రాయి కాదు. తాతగారి పుట్టిన ఊరు, రెజిమెంటు, గాయపడ్డ తేదీ, ఏ నది దగ్గర ఏం చేశాడో అన్నీ ఆమెకు తెలియనివి కూడా ఆరు పేజీల్లో రాసి పంపుతాడు, స్కాన్లతో సహా. చివర్లో విచారంగా ఒక్క మాట చేరుస్తాడు: నక్షత్రం ఒక్కటే ఇవ్వడం కుదరదు, గ్రూపును విడగొట్టడం మాలో మహాపాపం.