ఎదురుచూపులన్నీ ఒకటి కావు

ఓపికగా ఎదురుచూస్తే సృజన దానంతట అదే పుడుతుందని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. గుంటూరులో పెరిగిన నాకు ఆ మాట మింగుడుపడదు. గిట్టుబాటు కాక మిర్చిని కోల్డ్ స్టోరేజీలో దాచి, యార్డులో ధర ఎప్పుడు లేస్తుందా అని రోజూ ఆరా తీసే రైతు కూడా ఎదురుచూస్తున్నవాడే. ఒకపక్క అద్దె, మరోపక్క అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే ఆ నిరీక్షణ అతనికి ఏ కొత్త ఆలోచననూ ఇవ్వదు, ఉన్న నిద్రను కూడా పట్టుకుపోతుంది.

నిరీక్షణను భారం చేసేది దాని నిడివి కన్నా, అది ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడమే. సికింద్రాబాద్ నుంచి ఐదారు గంటలు హాయిగా వచ్చినవాళ్లు, రైలు విజయవాడ ఔటర్‌లో ఆగిందంటే చాలు, పది నిమిషాలకే కిటికీలోంచి తలలు బయటపెట్టి సిగ్నల్‌ను తిట్టడం మొదలుపెడతారు. మనసుకు వేరే పని లేనప్పుడు అది కాలాన్నే కాపలా కాస్తుంది. కాపలా కాసేకొద్దీ కాలం సాగుతుంది. ఏమీ జరగని కాలం గడిచేటప్పుడు దీర్ఘంగానూ, తర్వాత తలచుకుంటే కురచగానూ తోస్తుందని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. ఔటర్‌లో పోయిన గంట వారం తిరిగేసరికి జ్ఞాపకంలో కూడా మిగలదన్నమాట.

కొండపల్లి బొమ్మల తయారీలోనూ నిరీక్షణ ఉంది. తెల్ల పొణికి కర్ర ఆరాలి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి అతికిన భాగాలు ఆరాలి, ఆ తర్వాతే రంగు. అయితే ఆ కళాకారుడికి తాను దేనికోసం ఆగాడో తెలుసు, ఈలోగా చేతిలో మరో బొమ్మ ఉంటుంది. ఫ్రెంచి గణితవేత్త పొయింకారేకు బస్సు మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో ఒక పెద్ద ఆలోచన తట్టిన మాట నిజమే, కానీ అంతకుముందు ఆయన రోజుల తరబడి ఆ లెక్కలతోనే కుస్తీ పట్టాడు. ముందు శ్రమ పడనివాడు ఎన్ని బస్సులెక్కినా టిక్కెట్టు తప్ప ఏమీ దొరకదు.

ఇప్పుడు ఆ కొద్దిపాటి ఖాళీని కూడా ఫోనుకు అప్పగించాం. రీళ్లు చూస్తూ కూర్చుంటే సమయం తెలియదు, నిజమే. పొద్దున సగంలో వదిలేసిన ఆలోచన మళ్లీ తలెత్తడానికి మాత్రం చోటుండదు. అలాగని, ఏ కార్యాలయం కిటికీ ముందో గంటల తరబడి నిలబడినవాడికి ఫోను పక్కన పెట్టి ధ్యానించమని చెప్పే పెద్దమనుషుల్ని నేను సమర్థించను. వారికి నిజంగా జనం సృజన మీద అంత ప్రేముంటే, వరుసలో చివరివాడి వంతు ఎన్నింటికి వస్తుందో బోర్డు మీద రాయించే ఏర్పాటు ముందు చేయించాలి.