సంతూర్‌కు వారసులున్నారు, మేళానికే లేరు

2022లో మే 10న పండిట్ శివకుమార్ శర్మ, జూన్ 2న పండిట్ భజన్ సోపోరీ కన్నుమూశారు. తీగల మీద కొట్టి వాయించే కశ్మీరీ వాద్యం సంతూర్ నెల తిరక్కుండానే ఇద్దరు పెద్దదిక్కులను పోగొట్టుకుంది. మొదటి పేరు తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. హిందీ సినిమా పాటలు, క్యాసెట్ల పుణ్యమా అని ఇంటింటికీ చేరిన పేరది. రెండో పేరు చెబితే "ఎవరాయన?" అని అడిగేవాళ్లే ఎక్కువ. చిత్రమేమిటంటే, కశ్మీర్ లోయలో తరాల నుంచి ఈ వాద్యంతో బతికిన ఇల్లు సోపోరీలదే. శివకుమార్ శర్మది జమ్మూ. ఆయన తండ్రి ఉమాదత్త శర్మ బనారస్ బాణీ గాయకుడు. లోయలో వాయించే సంతూర్ మీద ఆయన మనసుపడి, దాన్ని హిందుస్తానీ వేదిక ఎక్కించాలని కొడుకు చేత పట్టించారు.

సోపోరీల ఇంటిపేరు జీలం ఒడ్డున ఉన్న సోపోర్ పట్టణం నుంచి వచ్చింది. బారాముల్లా జిల్లాలోని ఈ ఊరు యాపిల్ మండీకి పెట్టింది పేరు. భజన్ సోపోరీ తాత సంసార్ చంద్, తండ్రి శంభునాథ్ ఇద్దరూ సంగీతజ్ఞులే. శంభునాథ్‌ను జమ్మూ కశ్మీర్‌లో సంగీత విద్యకు పితామహుడిగా చెప్పుకుంటారు. కొన్ని ఇళ్లలోనే ఉండిపోయిన సంగీతాన్ని తరగతి గదుల్లోకి తెచ్చినవారాయన. ఆయన మనవడు, భజన్ కొడుకు అభయ్ రుస్తుం సోపోరీ ఇప్పుడు ఆ ఇంటి వాద్యాన్ని దేశవిదేశాల్లో వాయిస్తున్నాడు. కశ్మీరీ పండిట్ల హిందూ ఇల్లు, సూఫీల సంగీతమైన సూఫియానా ఘరానా (వంశ సంప్రదాయం). ఈ రెండు మాటలు పక్కపక్కన పెడితే బయటివాళ్లు ఆశ్చర్యపోతారు కానీ, లోయలో పాతతరానికి ఇది వింతేమీ కాదు.

అభయ్ గురించి రాసేవాళ్లందరూ ఒకే మాట రాస్తారు, వంశపారంపర్య వారసత్వాన్ని నిలబెడుతున్నాడని. కాదనను. కానీ నిలబడుతున్నది ఏది, ఎంత అని కాస్త ఆగి అడగాలి. సూఫియానా సంగీతానికి అసలు కొరత వారసుడిది కాదు, మేళానిది, అంటే కలిసి కూర్చుని పాడి వాయించే జట్టుది.

ముందు ఆ సంగీతం ఎలా ఉంటుందో చూడాలి. సూఫియానా మౌసికీ ఒక్కరు పాడేది కాదు. నలుగురైదుగురు, ఒక్కోసారి ఇంకా ఎక్కువమంది అర్ధచంద్రాకారంగా కింద కూర్చుంటారు. మధ్యలో పెద్ద ఉస్తాద్. చాలాసార్లు సంతూర్ ఆయన చేతిలోనే ఉంటుంది. పక్కన కమానుతో వాయించే సాజ్-ఎ-కశ్మీర్, పొడుగు మెడ సెహ్తార్, తాళానికి తబలా. వెనకటి రోజుల్లో తబలా బదులు దోక్రా ఉండేది. వాయించేవాళ్లే పాడతారు కూడా. ఉస్తాద్ ఒక చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు ఒకే గొంతుగా అందుకుంటారు. మన రాగం స్థానంలో మకామ్ ఉంటుంది. రాస్త్, నవా, హుస్సేనీ, ఇరాక్ లాంటి పేర్లు వింటే ఇరాన్, మధ్య ఆసియా గుర్తొస్తాయి. కొన్ని మకామ్‌ల పేర్లయితే హిందుస్తానీ రాగాలవే. ఏ మకామ్ ఏ వేళ పాడాలో కట్టుబాటు ఉంది. పాటల్లో పారసీ గజల్ ఉంటుంది, కశ్మీరీ కవిత్వం ఉంటుంది. శ్రోత తల ఊపడానికీ చప్పట్లు కొట్టడానికీ వచ్చినవాడు కాదు. రాత్రంతా కూర్చుని ధ్యానంలా వినడానికి వచ్చినవాడు.

ఇందులో అప్పటికప్పుడు అల్లి పాడే మనోధర్మానికి చోటు బాగా తక్కువ. అరగంట ఆలాపన చేసి సభను ఊపేసే పద్ధతి ఇక్కడ లేదు. మొదట వాద్యం మీద మకామ్ రూపాన్ని కాసేపు చూపిస్తారు. ఆ తర్వాత కట్టిన రచనలు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా వస్తాయి. కాబట్టి ఇక్కడ విద్య అంటే గురుముఖంగా వచ్చే పాఠమే. ఏ మకామ్‌లో ఏ రచన, ఏ తాళంలో, దేని తర్వాత ఏది అన్నది గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి రావాలి. షేక్ అబ్దుల్ అజీజ్ 'కోషుర్ సర్గమ్' పేరుతో ఈ రచనలను స్వరపరిచి అచ్చువేయించారు. గొప్ప పని. అయితే స్వరం రాసి ఉన్న పుస్తకం చూసి త్యాగరాజ కృతి పాడితే ఎలా ఉంటుందో మనకు తెలిసిందే. పుస్తకం జ్ఞాపకానికి ఆసరా ఇస్తుంది, బాణీ నేర్పలేదు.

ఇక సంతూర్ దగ్గరికి వద్దాం. పాత కశ్మీరీ సంతూర్‌లో 25 గుర్రాలు (తీగలను ఎత్తిపట్టే చిన్న దిమ్మలు), ఒక్కో గుర్రం మీద నాలుగు తీగలు, మొత్తం వంద. కొయ్య ఆసరా మీద పెట్టి, కొస వంగిన రెండు సన్నని కొయ్య కలాలతో కొడతారు. నాలుగు తీగలూ ఒకే స్వరానికి కలవాలి. ఒక్కటి వెంట్రుకవాసి తగ్గినా ఆ స్వరం గరగరలాడుతుంది. అందుకే సంతూర్ విద్వాంసుడికి శ్రుతి చేసుకోవడమే సగం పని. వేదిక మీద లైట్ల వేడికి తీగ సడలిందంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఈ వాద్యానికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. కొట్టగానే స్వరం మోగి చల్లారిపోతుంది. వీణ మీద తీగ లాగినట్టు లాగడానికి వీల్లేదు. గమకం లేదు, స్వరం నుంచి స్వరానికి జారే మీండ్ లేదు. 1955లో శివకుమార్ శర్మ ముంబై వేదిక మీద సంతూర్ వాయించినప్పుడు విమర్శకులు పట్టుకున్నది దీన్నే. ఆయన పట్టు వదల్లేదు. తీగలు 91కి తగ్గించి, గుర్రాలు 31కి పెంచి, ఆసరా తీసేసి వాద్యాన్ని ఒడిలోకి తెచ్చుకున్నారు. కలం కొసను తీగ మీద సన్నగా ఆడిస్తూ జార్చి, స్వరం తెగకుండా సాగుతున్న భ్రమ కల్పించారు. భజన్ సోపోరీ ఇంకో దారిలో వెళ్లారు. కింద తుంబా (నాదం పెంచే బుర్ర) బిగించారు, మీటకుండానే తోడు మోగే తరబ్ తీగలు జోడించారు, నాదం ఎక్కువసేపు నిలిచేలా చేశారు. ఆ వాదన పద్ధతికి సోపోరీ బాజ్ అన్న పేరు స్థిరపడింది. తండ్రి మొదలుపెట్టిన ఈ మార్పులను అభయ్ ఇంకా ముందుకు తీసుకెళ్తున్నాడు.

ఇక్కడ నాకు తట్టే సంగతి ఒకటుంది. మేళంలో సంతూర్‌కు ఈ లోపం లోపంగా ఉండేదే కాదు. సంతూర్ స్వరం చల్లారే చోట సాజ్-ఎ-కశ్మీర్ కమాను దాన్ని అందుకుని సాగదీసేది. ఆ పైన నలుగురి గొంతులు ఉండేవి. సంతూర్ చేయాల్సింది వడగళ్లు పడ్డట్టు స్వరాలు రాల్చి లయను, మకామ్‌ను నడిపించడమే. మేళంలోంచి విడదీసి ఒంటరిగా కూర్చోబెట్టాక కానీ గమకం రాదన్న కొరత పుట్టలేదు. ఆ కొరతను తీర్చడానికి ఇద్దరు మహానుభావులు చెరో యాభై అరవై ఏళ్లు ధారపోశారు. తీరాక ఏమైంది? సంతూర్‌కు పక్కవాళ్ల అవసరం పోయింది. ప్రపంచానికి ఒక గొప్ప సోలో వాద్యం దొరికింది. లోయలో మేళం మాత్రం తన పెద్దను పోగొట్టుకుంది.

దీనికి శర్మనో సోపోరీనో తప్పుపట్టడం అన్యాయం. ఆ రోజుల్లో హిందుస్తానీ కచేరీ బాట పట్టకపోతే సంతూర్ పేరు మనదాకా వచ్చేదే కాదు. కానీ అభయ్ కచేరీని ఏ పేరుతో పిలుస్తున్నామో తెలిసి పిలవాలి. ఆయన ఆలాప్, జోడ్, ఝాలా, గత్ వాయిస్తే అది హిందుస్తానీ. అందులో సూఫియానా వాసన ఉంటుంది. తబలాతో పాటు పఖవాజ్ పెట్టుకోవడంలో, మధ్యలో కశ్మీరీ పాట ఒకటి అందుకోవడంలో ఇంటి గుర్తు కనిపిస్తుంది. అంతమాత్రాన సూఫియానా మౌసికీ భద్రంగా ఉందని ఊపిరి పీల్చుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

నిజంగా మేళాన్ని మోసినవాళ్లు శ్రీనగర్‌లోనే ఉండిపోయారు. ఉస్తాద్ గులామ్ మొహమ్మద్ సాజ్‌నవాజ్ పేరు మన దగ్గర వినిపించదు. తరాలుగా సూఫియానా మీదే బతికిన కుటుంబం ఆయనది. 2013లో పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాదే పోయారు. అంటే జీవితమంతా చేసిన పనికి చివరి గడపలో గుర్తింపు. కొడుకులు ఆ పని వదల్లేదు. సాజ్-ఎ-కశ్మీర్‌ను పద్ధతిగా వాయించేవాళ్లను ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కొద్దిమందిలో ఈ ఇంటివాళ్లున్నారు. ఖలీన్‌బాఫ్ అనే మరో సూఫియానా కుటుంబంలో మనవడు మొహమ్మద్ యాకూబ్ షేక్ సంతూర్‌తో తాత విద్యను కొనసాగిస్తున్నారు. వీళ్లెవరూ ప్రపంచ యాత్రల మీద బతికినవాళ్లు కాదు. 1948లో మొదలైన రేడియో కశ్మీర్ శ్రీనగర్ కేంద్రం ఇలాంటి కళాకారులకు అన్నం పెట్టింది. దర్గాల్లో, శాలువాల వర్తకుల ఇళ్లలో, భూస్వాముల హవేలీల్లో జరిగే మెహ్‌ఫిల్ (సంగీత గోష్ఠి) తగ్గుతున్న కాలంలో రేడియోయే పోషకుడి పాత్ర పోషించింది. 2019 అక్టోబర్ 31న దాని పేరు ఆకాశవాణి శ్రీనగర్ అయింది. పేరు మారితే మారింది, ఆ కేంద్రం దగ్గరున్న పాత రికార్డింగులు బయటికి రావాలన్నదే నా గోల.

ఈ సంగీతానికి దెబ్బలు ఒక్కరి చేతి నుంచే పడలేదు. ఒకప్పుడు సూఫియానా పాటకు హాఫిజాలనే నర్తకీమణులు అభినయం పట్టేవారు. 1920లలో రాజుగారి ప్రభుత్వం శృంగారం మితిమీరుతోందని దాన్ని నిషేధించింది. మన దగ్గర దేవదాసీల ఆటకు పట్టిన గతే. నర్తకితో పాటు ఆమెకు కంఠతా వచ్చిన పాటలూ పోయాయి. 1990 తర్వాత పండిట్ కుటుంబాల్లో అత్యధికం లోయ వదిలి వెళ్లిపోయాయి. ఉండిపోయిన ముస్లిం ఉస్తాదులకేమో రాత్రిపూట మెహ్‌ఫిల్ పెట్టుకునే దిక్కు లేదు. పొద్దుగూకితే తలుపులు మూసుకునే ఊళ్లో తెల్లవార్లూ సాగే సంగీతం ఎలా బతుకుతుంది? ఒక వర్గానికి ఊరు పోయింది, ఇంకో వర్గానికి రాత్రి పోయింది. ఎవరి నష్టం పెద్దదని టీవీ చర్చల్లో తూకం వేసేవాళ్లకు ఈ రెండు నష్టాలూ ఒకే పాటకు తగిలాయన్న సంగతి పట్టదు.

2013 సెప్టెంబర్ 7న శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో జరిగిన కచేరీ గుర్తుందా? పాశ్చాత్య సంగీత నిర్దేశకుడు జూబిన్ మెహతా జర్మనీకి చెందిన బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రాతో వచ్చారు. జర్మన్ రాయబార కార్యాలయం ఏర్పాటు చేసిన ఆ సభకు ఆహ్వానం ఉన్నవాళ్లకే ప్రవేశం. వేర్పాటువాదులు బంద్‌కు పిలుపిచ్చారు. అదే రోజు ఊళ్లో పోటీగా ఇంకో కార్యక్రమం నడిచింది. ఆ గొడవలో అందరూ మరిచిపోయిన విషయం, కశ్మీరీ జానపద వాద్యకారులను ఆ విదేశీ ఆర్కెస్ట్రా పక్కన కూర్చోబెట్టి అభయ్ సోపోరీ తన రచన ఒకటి వాయింపజేశాడు. దాన్ని రాజీ అన్నవాళ్లున్నారు, గర్వకారణం అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఆయన చేసిన పనుల్లో ఇంటి సంప్రదాయానికి దగ్గరగా ఉన్నది అదేననిపిస్తుంది. ఆ సాయంత్రం సంతూర్ ఒంటరిగా లేదు. తన ఊరి వాద్యాల మధ్య ఉంది.

సంతూర్ పుట్టుక మీద జరిగే కొట్లాట గురించి రెండు ముక్కలు. వేదకాలపు శతతంత్రీ వీణే సంతూర్ అని ఒక వాదం. ఇరాన్‌లో అదే పేరుతో, అలాంటి రూపంతోనే వాద్యం ఉంది కదా అని ఇంకో వాదం. ఇందులో ఎవరు గెలిచినా సాజ్-ఎ-కశ్మీర్ నేర్చుకోవడానికి ఒక్క పిల్లవాడు కూడా అదనంగా రాడు. కశ్మీర్ పాత ఘనత గురించే మాట్లాడాలంటే మనకు ఇంతకన్నా దగ్గరి బంధుత్వం ఉంది. సంగీత రత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడి తాత భాస్కరుడు కశ్మీర్ నుంచి దక్కనుకు వలస వచ్చినవాడు. 13వ శతాబ్దంలో దేవగిరిలో పుట్టిన ఆ గ్రంథానికి సంగీత సుధాకరమనే వ్యాఖ్య రాసింది మన రాచకొండ రేచర్ల సింగభూపాలుడు. హిందుస్తానీవాళ్లూ కర్ణాటకవాళ్లూ ఇద్దరూ తమదిగా చెప్పుకునే గ్రంథమది. రచయిత తాతదేమో కశ్మీర్, వ్యాఖ్యాతదేమో తెలంగాణ కొండ. వలస వెళ్లిన కుటుంబం విద్యను ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

సోపోరీల కుటుంబం నడిపే సామాపా అకాడమీ కొత్తవాళ్లకు వేదికలిస్తోంది, జైళ్లలో ఖైదీలతో పాడిస్తోంది. మంచి పనే. ఇక ప్రభుత్వం చేయాల్సిన దాంట్లో నా అభ్యంతరం ఒకటే. పద్మ పురస్కారమైనా, అకాడమీ అవార్డయినా, గురుశిష్య పథకమైనా మనిషి పేరు మీద ఇస్తారు. ఒక గురువు, ఆయన కింద శిష్యులు. సోలో విద్వాంసులకు సరిపోయే లెక్క ఇది. సూఫియానాకు ఆ డబ్బు మేళం మొత్తానికి కలిపి ఇవ్వాలి. సంతూర్‌కు ఒకరు, సాజ్‌కు ఒకరు, సెహ్తార్‌కు ఒకరు, తాళానికి ఒకరు, అందరూ కలిసి కొన్నేళ్లు ఒకే ఉస్తాద్ దగ్గర కూర్చునేలా. విడివిడిగా నేర్చుకుని పండగనాడు వేదిక మీద కలిస్తే అది ఆర్కెస్ట్రా రిహార్సల్ అవుతుందే తప్ప సూఫియానా కాదు.

ఇది గాలిలో మేడ కాదు. బందిపొర జిల్లాలో కొందరు కాలేజీ అమ్మాయిలు జట్టు కట్టి ఈ సంగీతం నేర్చుకుని సభల్లో పాడుతున్నారు. సంతూర్, సెహ్తార్, తబలా అన్నీ వాళ్లే వాయిస్తారు. హాఫిజాల తర్వాత దాదాపు వందేళ్లకు ఆడవాళ్లు మళ్లీ ఈ పాటకు వచ్చారు, ఈసారి వాద్యాలు కూడా చేతపట్టుకుని. వాళ్ల ఇంటిపేరులో ఘరానా లేదు. మొదట్లో ఊళ్లో మాటలు పడ్డారు. పెళ్లిళ్లయ్యాక ఈ జట్టు నిలుస్తుందా, వాళ్లకు రేడియోలోనో కాలేజీలోనో ఉద్యోగాలు దొరుకుతాయా అన్నదే ఇప్పుడు వాళ్ల టెన్షన్. అభయ్ సోపోరీకి కచేరీలు ఎలాగూ వస్తాయి. సాంస్కృతిక శాఖ వచ్చే ఏడాది బడ్జెట్ వేసుకునేటప్పుడు ముందు ఈ అమ్మాయిల పేర్లు రాసుకోవాలి.