'భర్త/తండ్రి పేరు' గడి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గడి గారికి నమస్కరించి రాయునది.

రిమాండ్ రిపోర్టు మొదలు విడుదల రిజిస్టరు దాకా ఏ కాగితం తిప్పినా తమరి దర్శనమే. జైలు నుంచి వచ్చిన ఆడమనిషి తిన్నగా తమరిలో రాసిన మనిషి దగ్గరికే పోతుందని, పోతే మళ్లీ తప్పు చేయదని తమరి నమ్మకం. గంజాయి సంచి చేతికిచ్చి బస్సెక్కించింది ఆ మనిషే అయితే? పాపం, అర అంగుళం వెడల్పులో అదంతా ఎక్కడ పడుతుంది!

ఆయనగారు ములాఖత్‌కి ఎన్నిసార్లు వచ్చారో కాస్త చూడండి. మగాళ్ల జైలు ముందు పెళ్లాలు క్యూ కడతారు. ఆడవాళ్ల కోసం వచ్చేది మహా అయితే తల్లో, అక్కో. శిక్ష పడితే పంపే ఆడవాళ్ల జైళ్లు తెలంగాణలో చంచల్‌గూడ, ఆంధ్రలో రాజమండ్రి, కడప. శ్రీకాకుళం నుంచి రాజమండ్రికి దాదాపు 300 కిలోమీటర్లు. చార్జీలతో పాటు ఆ రోజు కూలీ పోయినట్టే. బిడ్డకు ఆరేళ్లు నిండాక తల్లి దగ్గర ఉంచరు, 2006లో సుప్రీంకోర్టు మాట. విడుదలయ్యాక బిడ్డను పిల్లల హోమ్ నుంచి తెచ్చుకోబోతే బాలల సంక్షేమ సమితి 'ఇల్లెక్కడమ్మా?' అంటుంది. మళ్లీ తమరే దిక్కు.

బెయిలుకైతే ఇద్దరు ష్యూరిటీలు, అంటే జామీను ఉండే మనుషులు, వాళ్ల ఇంటిపన్ను రసీదో భూమి పాస్‌బుక్కో, ఆధార్ కావాలి. తమరిలో ఉన్నాయన ఫోనెత్తడు. ఆమె చేత సారా క్యాన్లు మోయించిన బట్టీ ఓనరు మాత్రం కాగితాలతో సహా మనుషుల్ని దింపుతాడు. ఆ బాకీ డబ్బుతో తీరేది కాదు, మళ్లీ క్యాన్లు మొయ్యాలి. రెండో కేసు పడగానే 'పాత నేరస్తురాలు' అని రాసేస్తారు. మొదటిసారి ష్యూరిటీలు తెచ్చిందెవరని ఒక్కరూ వెనక్కి తిప్పి చూడరు.

నెలలోగా ష్యూరిటీ ఇవ్వలేకపోతే షరతు సడలించే సంగతి కోర్టే తనంతట తాను చూడొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయసేవాధికార సంస్థ లాయరు ఆడవాళ్లకు ఉచితం, ఆదాయ పరిమితి లేదు. తమరి కింద చిన్నక్షరాల్లోనైనా ఈ రెండు ముక్కలు అచ్చేయించకూడదూ?

తమరిని కొట్టేయమనడం లేదు. మంచి మొగుళ్లూ ఉంటారు. పక్కన ఇంకో గడికి చోటివ్వండి: 'బయటికొచ్చి ఎవరి దగ్గరికి వెళ్తావు?' విడుదలకు నెల ముందే అడిగి, ఆమె చెప్పిన పేరుకు, అది చెల్లెలిదైనా పొదుపు సంఘం స్నేహితురాలిదైనా, ఫోన్ చేయించండి. ఎవరూ లేరంటే దిక్కులేని ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే శక్తి సదన్‌లో ముందుగానే మాట్లాడి పెట్టించండి. లేకపోతే గేటు దగ్గరికి ఆటో తెచ్చేది ఆ బట్టీవాడే.

ఇట్లు,
రోజూ తమరిని నింపేవాళ్లు