దంతాలకు లాక్‌డౌన్ తెలియజెప్పడం ఎలా?

2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించగానే దేశమంతా శిరసావహించింది. రైళ్ళు ఆగాయి, గుళ్ళు మూసుకున్నాయి, ముహూర్తాలు వాయిదా పడ్డాయి. మాట విననివి దంతాలు మాత్రమే. ముప్పై రెండూ ఒకదానినొకటి రాసుకుంటూ నిలబడి భౌతిక దూరాన్ని బాహాటంగా ధిక్కరించాయి. జ్ఞానదంతం అయితే మరీ విడ్డూరం. అందరూ లోపలికి పోతున్న వేళ అది బయటికి రావడం మొదలుపెట్టింది. అందుచేత నాటి పంటినొప్పి బాధితుల మీద నాకు సానుభూతి ఉంది గాని, పళ్ళ మీద ఏ మాత్రం లేదు.

పోలీసుల ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి. గుండెజబ్బు మనిషి చేతిలో ఫైలు ఉంటుంది. గర్భిణికి కడుపే సాక్ష్యం. పంటినొప్పి మనిషికి ఉన్న ఏకైక ఆధారం నోరు. హైదరాబాదులో ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటకూడదన్నారు. తెలిసిన దంతవైద్యుడు ఎప్పుడూ నాలుగో కిలోమీటరులోనే ఉంటాడు. చెక్‌పోస్టు దగ్గర మాస్కు తీసి నోరు తెరిచి చూపిస్తే మాస్కు లేని నేరం, చూపించకపోతే పని లేకుండా తిరుగుతున్న నేరం. బుగ్గ బాగా వాచి ఉంటే కొంత నయమే గాని, మాస్కు నాణ్యమైనదైతే ఆ సాక్ష్యాన్ని కూడా కప్పేస్తుంది.

సరే, మందుల దుకాణానికి వెళ్దామంటే అక్కడ మరో మర్యాద. ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జ్వరం, జలుబు, దగ్గు మందులు కొనేవారి వివరాలు రాసుకోవాలని దుకాణాలకు ఆదేశాలు వచ్చాయి. పారాసిటమాల్ బిళ్ళకు తాను వెళ్తున్నది ఒళ్ళు కాలినందుకో, దవడ సలిపినందుకో చెప్పుకునే దారి లేదు. దాంతో పన్ను పుచ్చినవాడు కరోనా అనుమానితుల వరసలో నిలబడ్డాడు. దగ్గుందా, ఆయాసముందా అని ఆరా తీసేవారే గాని, పన్ను ఎలా ఉందని అడిగే నాథుడు లేడు.

తలుపులు మూసుకున్న దంతవైద్యులను అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. పన్ను తొలిచే యంత్రం నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగుతుంది. చల్లబరచడానికి దాని మీద నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. రోగి లాలాజలం తుంపరలై గదంతా పరుచుకుంటుంది. వైద్యుడి ముఖానికీ రోగి నోటికీ మధ్య జానెడు దూరం. కరోనా అంటుకుంటుందన్న ఆ భయం బూటకం కాదు.

అందుకే వీడియో వైద్యం వచ్చింది. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది నిమిషాల పాటు ఫోన్ టార్చి పట్టుకోవడం దేశానికి అలవాటు చేశారు కదా, ఆ శిక్షణ ఇక్కడ అక్కరకొచ్చింది. భార్య టార్చి పట్టుకుంటే, కొడుకు గరిటె కాడతో బుగ్గ లాగిపట్టుకుంటే, అత్తగారు "ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి" అంటూ దారి చూపిస్తే, అవతల వైద్యుడికి కొండనాలుక, సీలింగ్ ఫ్యాను స్పష్టంగా కనిపించేవి. చివరికి ఆయన లవంగం పెట్టుకోమనేవారు. లవంగంలోని యూజినాల్ కాసేపు మొద్దుబారుస్తుంది, పుచ్చును పూడ్చదు. ఈ సంగతి లవంగానికి తెలుసు, వైద్యుడికి తెలుసు. తెల్లవారుజామున రెండు గంటలకు పన్నుకు కూడా తెలిసేది.

మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు తెరిచారు. పుక్కిలించడానికి ఒక మత్తుమందు దొరికిందని సంతోషించేలోపే ధర 75 శాతం పెరిగింది. దంతాల వంతు ఆ తర్వాత పక్షం రోజులకు వచ్చింది. మే 19న కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు వెలువడ్డాయి. కరోనా కేసులు బయటపడి కట్టడి చేసిన కంటైన్‌మెంట్ జోన్‌లో దంత వైద్యశాలలు మూసే ఉండాలన్నారు. కేసులు ఎక్కువగా ఉన్న రెడ్ జోన్‌లో అత్యవసర చికిత్సలు మాత్రమే చేయాలన్నారు. అత్యవసరం అంటే వైద్యశాస్త్రం ప్రకారం ఆగని రక్తస్రావం, ఊపిరికి అడ్డొచ్చే వాపు, దవడ విరగడం వంటివి. అంటే బాధ్యత గల పౌరుడు చేయవలసినది ఏమిటి? వాపు దవడ దిగి మెడ మీదికి వచ్చేదాకా పంటి బిగువున ఓర్చుకోవాలి. ఏ పంటి బిగువున అన్నది అతని ఇష్టం.

అలా ఓర్చుకున్నవారికి ఫలితం దక్కకపోలేదు. మార్చిలో ఫిల్లింగ్‌తో పోయేది జూన్‌కు రూట్ కెనాల్ అయింది. రూట్ కెనాల్ కావలసినది పీకుడు దాకా వచ్చింది. బిల్లులో పీపీఈ కిట్టు ఖర్చు కొత్తగా చేరింది. కిట్టు తొడుక్కున్నది వైద్యుడు, డబ్బు కట్టింది రోగి. ఆరోగ్య బీమా ఉంది కదా అని వెళ్తే, మామూలు పంటి వైద్యం పాలసీలోకి రాదన్నారు. పన్ను శరీరంలో భాగం కాదని ప్రభుత్వం కంటే ముందే కనిపెట్టింది వాళ్ళే. ప్రమాదంలో దెబ్బతిని ఆసుపత్రిలో చేరితే మాత్రం పరిశీలిస్తారట. చెక్‌పోస్టు దగ్గర లాఠీ గురి తప్పి మూతి మీద పడితే అది ప్రమాదం కిందికి వస్తుందో రాదో న్యాయకోవిదులు తేల్చాలి.