ఆఫ్రికా సరిహద్దులన్నీ బెర్లిన్‌లోనే గీశారా?

వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది: "1884లో తెల్లదొరలు బెర్లిన్‌లో కూర్చుని, స్కేలు పెట్టి ఆఫ్రికాను పంచుకున్నారు. అక్కడివాళ్లను అడగనే లేదు. ఇప్పటి సరిహద్దు గొడవలన్నీ ఆ గీతల వల్లే. చెరిపేస్తే సరి." ఇందులో కోపం న్యాయమైనదే, వివరాలే తప్పు.

బెర్లిన్ సదస్సు 1885 ఫిబ్రవరిలో ముగిసింది. అక్కడ రాసుకున్నది కాంగో ప్రాంతంలో వ్యాపారం, కాంగో, నైజర్ నదుల్లో ఓడల రాకపోకలు, తీరాన్ని ఆక్రమించేవాళ్లు పాటించాల్సిన పద్ధతి. గీతలు చాలావరకు తర్వాతి దశాబ్దాల్లో రెండేసి దేశాలు చేసుకున్న ఒప్పందాల్లో పుట్టాయి.

"అడగలేదు" అన్నది ఎక్కువ చోట్ల నిజమే. కానీ అడ్వాలో ఇటలీని ఓడించిన ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్, అప్పట్లో ఇటలీ వలసగా ఉన్న ఎరిత్రియా సరిహద్దుపై 1900, 1902, 1908లలో తానే ఒప్పందాలు చేసుకున్నాడు. 1998లో సరిహద్దు ఊరు బద్మే దగ్గర ఇథియోపియా, ఎరిత్రియాల మధ్య యుద్ధం వచ్చాక, హద్దు తేల్చే కమిషన్ ముందుకు వచ్చినవి ఆ కాగితాలే.

ఇక అడిగి సంతకం పెట్టించుకున్నచోట ఏమైందో నైజీరియా, కామెరూన్ల మధ్య ఉన్న బకాసీలో చూడొచ్చు. 1884 సెప్టెంబరులో ఇప్పటి నైజీరియాలోని పాత కలబార్ పాలకులు బ్రిటన్ రక్షణ కిందికి వచ్చారు. 1913లో అదే బ్రిటన్ జర్మనీతో ఒప్పందం చేసుకుని, బకాసీ ద్వీపకల్పాన్ని అప్పటి జర్మన్ వలస కామెరూన్ వైపు చేర్చింది. కాపాడతానన్నవాడికి మా నేల ఇంకొకరికి ఇచ్చే హక్కెక్కడిదని నైజీరియా అంతర్జాతీయ న్యాయస్థానంలో వాదించింది. నా దృష్టిలో గట్టి ప్రశ్నే. కోర్టు ఒప్పుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్లపాటు ఆ నేల కామెరూన్‌దేనన్నట్టు నైజీరియా నడుచుకుందని కూడా ఎత్తిచూపి, 2002 అక్టోబరు 10న బకాసీ కామెరూన్‌దేనని తీర్పిచ్చింది. అక్కడ చేపలు పట్టి బతికేవాళ్లలో ఎక్కువమంది నైజీరియన్లే. అప్పగింత 2008 ఆగస్టులో గానీ పూర్తికాలేదు.

అయితే 1913 గీత ఒక్కటే సైన్యాలను కదిలించిందంటే నమ్మలేం. దశాబ్దాలు ఊరుకుని 1993 చివర్లో నైజీరియా సైనికులు దిగడానికి ఆ సముద్రంలోని చమురు, చేపల మీద ఆశ కూడా కారణమే. మాలీ, బుర్కినా ఫాసో 1985లో కొట్టుకున్నది ఫ్రాన్స్ తన పాలన కోసం పెట్టుకున్న లోపలి హద్దుల మీద. ఆ గొడవపై కేసులో అదే అంతర్జాతీయ న్యాయస్థానం, మ్యాపు ఒక్కటే హక్కు పత్రం కాదని తేల్చిచెప్పింది.

చెరిపేయడం సంగతి ఆఫ్రికా దేశాలే 1964లో కైరోలో ఆలోచించాయి. స్వాతంత్ర్యం నాటి హద్దులనే గౌరవించాలని తీర్మానించాయి. మొరాకో, సోమాలియా కాదన్నాయి. సోమాలియా 1977లో సోమాలీలు ఉండే ఒగాడెన్ ప్రాంతం కోసం ఇథియోపియాపైకి వెళ్లి ఓడిపోయింది. 2011లో కొత్తగా పుట్టిన దక్షిణ సూడాన్ కూడా తన ఉత్తర సరిహద్దుకు సూడాన్‌కు స్వాతంత్ర్యం వచ్చిన 1956 జనవరి 1 నాటి గీతనే పట్టుకుంది.