పుంజుల జాతులకు ఈ ర్యాంకులు ఎందుకు?

ఏ జాతి పుంజు వీర్యం మేలు అనే పోలికలు కోళ్లు పెంచేవాళ్లకు కొత్తేమీ కాదు. లెగ్‌హార్న్, రోడ్ ఐలాండ్ రెడ్, కార్నిష్ అంటూ వరుసగా రాసి, మిల్లీలీటర్లు, కణాల సంఖ్య పక్కన వేసి, పై వరుసలో ఉన్నదే గొప్పదని తేల్చేస్తారు. ఆ పట్టికను నమ్మి పుంజును ఎంచుకోవడం శుద్ధ దండగ అంటాను నేను.

లెక్కే చూద్దాం. పుంజు ఒకసారికి ఇచ్చే వీర్యం సుమారు 0.2 నుంచి 0.5 మి.లీ., మి.లీ.కి దాదాపు 300 నుంచి 700 కోట్ల కణాలు. కృత్రిమ గర్భధారణలో పెట్టకు వారానికోసారి 10 కోట్లు ఇస్తే చాలు. ఇంత మిగులు ఉన్నచోట సంఖ్య గురించి కొట్టుకోవడం దేనికి? పెట్ట గర్భాశయం, యోని కలిసేచోట వీర్యాన్ని దాచే సన్నటి గొట్టాలు ఉంటాయి, అక్కడిదాకా ఈదగలిగిన కొద్ది కణాలే రెండు మూడు వారాలపాటు గుడ్లను ఫలదీకరణ చేస్తాయి. తేల్చేది కదలికే.

ఆ కదలిక జాతి పేరులో దొరకదు. వయన్‌డాట్ అనే జాతి పుంజునే తీసుకోండి. దాని చదునైన రోజ్ కోంబ్ తురాయికి కారణమైన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే వీర్యకణాలు సరిగా ఈదలేవు. ఒక్కరి నుంచే వస్తే ఏ ఇబ్బందీ లేదు. తిరగబడిన ఒక క్రోమోజోమ్ ముక్కే తురాయి ఆకారాన్ని మారుస్తోందనీ, కణాల కదలికను దెబ్బతీస్తోందనీ 2012లో బయటపడింది. ఒకే జాతి, ఒకే తురాయి, పక్కపక్కన నిలబెడితే తేడా కనిపెట్టలేం, కానీ ఒకటి బాగా పనికొస్తుంది, ఇంకొకటి అంతగా రాదు!

మాంసం జాతుల్లో ఫలదీకరణ తక్కువ కదా అంటారు. నిజమే. కానీ అందులో పెద్ద వాటా బరువుది, పెట్ట మీద నిలదొక్కుకోలేకపోవడానిది. టర్కీల్లో ఇది ఎంత ముదిరిందంటే పరిశ్రమ దాదాపు మొత్తం కృత్రిమ గర్భధారణ మీదే నడుస్తోంది. ఛాతీ మాంసం కోసం మనం పెంచిన బరువుకు వీర్యాన్ని తప్పు పట్టడం అన్యాయం.

పైగా వీర్యం తీసే చేతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. వీపు నిమిరి, తోక లేచాక కింద రెండు వైపులా మెల్లగా నొక్కితే పాలలాంటి చుక్క వస్తుంది. మోటుగా నొక్కితే రెట్ట కలిసి ఆ నమూనా పాడవుతుంది. వయసు, వెలుతురు సరే సరి.

నా అసలు భయం వేరే. పట్టికలో కింద ఉన్న నాటు జాతులను వదిలేసి, వీర్యం ఫ్రీజ్ చేసి దాచాం కదా అని ధీమాగా ఉంటున్నారు. పక్షుల్లో ఆడ, మగ తేడాకు సంబంధించిన డబ్ల్యూ క్రోమోజోమ్ ఆడదానిలోనే ఉంటుంది, అది వీర్యంలో రాదు, అంటే వీర్యం ఒక్కటే దాచితే జాతి మొత్తం దాచినట్టు కాదు. గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడటానికి వాడే గ్లిసరాల్‌ను తీసేయకుండా ఇస్తే పెట్టలో ఫలదీకరణే దెబ్బతింటుంది. కాబట్టి ఆ జాతుల పెట్టలు, పుంజులు మందలుగా బతికే ఉండాలి. ఇక పోలికలు వేసేవాళ్లు జాతి సగటు ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా, ఆ జాతిలో పుంజుకూ పుంజుకూ ఉన్న తేడాను, వాటి వయసును, కణాల కదలికను కూడా పక్కనే వేయాలి.