డిస్టిల్డ్ వాటర్‌కు ఒక శిలాఫలకం కావాలి

పల్లెల మీద ప్రభుత్వం ఖర్చు పెట్టడం లేదనేవాళ్ళు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందైనా నిలబడి శిలాఫలకం చదవాలి. మంత్రి గారి నుంచి ఎంపీటీసీ దాకా అందరి పేర్లూ ప్రోటోకాల్ ప్రకారం ఉంటాయి. పైకప్పు మీది సోలార్ ప్యానెళ్ళకు పాతికేళ్ళ ఆయుష్షు అంటారు. ఆ రాయి అంతకన్నా ఎక్కువే బతుకుతుంది.

వెలుగు విషయంలో మన లెక్కలు మొదటి నుంచీ ఉదారమైనవే. లైను, ట్రాన్స్‌ఫార్మర్ వచ్చి, బడికీ పంచాయతీ ఆఫీసుకూ ఆసుపత్రికీ కరెంటు అంది, నూటికి పది ఇళ్ళలో బల్బు వెలిగితే ఊరంతా విద్యుదీకరణ అయినట్టేనని 2004 నాటి నిర్వచనం. ఆ లెక్కన 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలో చీకటి ఊరన్నదే లేకుండా పోయింది. మిగిలిన తొంభై ఇళ్ళ సంగతి వేరే పథకానికి వదిలేశారు.

మన దిగులల్లా ఆ ప్యానెళ్ళ కరెంటు దాచే బ్యాటరీ గది గురించి. 48 వోల్టుల సిస్టమైతే 12 వోల్టుల ట్యూబ్యులర్ బ్యాటరీలు నాలుగు. ఒక్కోదానికి ఆరు మూతలు, మొత్తం 24. రెండు మూడు నెలలకోసారి వాటిలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పోయకపోతే లోపలి సీసపు ప్లేట్లు గాలికి తేలి గట్టిపడతాయి, చార్జింగ్ నిలవదు. ఎవరో పుణ్యాత్ముడు బోరు నీళ్ళు పోస్తే అందులోని ఉప్పులూ ఇనుమూ మిగతా పని పూర్తి చేస్తాయి. టెర్మినళ్ళకు తెల్లగా, పచ్చగా బూజులాంటిది పడుతుంది. దాన్ని తుడిచి కాస్త వేజలీన్ రాయాలి. కానీ బ్యాటరీలు కొనడానికి పద్దు ఉంది, నీళ్ళకూ వేజలీన్‌కూ పద్దు లేదు. నిండా చార్జయితే, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1240 చుట్టూ చూపించాలి. ముందు హైడ్రోమీటర్ కూడా ఉండాలనుకోండి.

కరెంటు పోతే టీకాలు పాడైపోతాయని భయపడనక్కర్లేదు. గోడల్లో మంచు పొర ఉండే ఐస్‌లైన్డ్ ఫ్రిజ్‌కు రోజుకు ఎనిమిది గంటల కరెంటు అందితే చాలు, లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలుపుతుంది. మూత ఊరికే తీయకుండా ఉండాలంతే. నిజానికి చలి ఎక్కువైనా ముప్పే: పెంటావాలెంట్ (ఐదు రోగాలకు ఒకే టీకా), హెపటైటిస్-బి టీకాలు ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరావు. అందుకే ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత చూసి రాయమన్నారు. కొన్ని రిజిస్టర్లలో నెలంతా 4, 4, 4 అనే ఉంటుంది. తుపానుకు స్తంభాలు కూలిన రోజు కూడా 4. ఇంత నిలకడైన యంత్రం జపాన్‌లోనైనా దొరుకుతుందా?

పథకాల మధ్య సమన్వయం లేదన్న అపవాదు కూడా అన్యాయమే. ఒక శాఖ దక్షిణానికి తిప్పి ప్యానెళ్ళు బిగించింది. మరో శాఖ అదే దక్షిణాన మొక్కలు నాటే హరితహారం పథకం కింద వేప మొక్క నాటింది. మొక్క బతికింది! ఇప్పుడు దాని నీడ ఒక్క ప్యానెల్ మీద పడ్డా, సిరీస్‌లో, అంటే ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉన్న మిగతావన్నీ దానితోపాటు నీరసిస్తున్నాయి. కొమ్మ కొడదామంటే అనుమతి ఎవరివ్వాలో తేలదు. రెండు నివేదికల్లోనూ లక్ష్యం నూరు శాతం.

రిబ్బన్ ఉన్నచోటికే డబ్బు వస్తోంది కాబట్టి మా ప్రతిపాదన ఒక్కటే: మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ ప్రారంభోత్సవం. 24 మూతలు, 24 మంది ప్రముఖులు, ఎవరినీ నొప్పించక్కర్లేదు. మొదటి మూత మంత్రి గారిదా, ఎంపీ గారిదా అన్నది కలెక్టరేట్ చూసుకుంటుంది. ముహూర్తం మాత్రం బ్యాటరీ నిండా చార్జయ్యాకే పెట్టాలి. ఖాళీ బ్యాటరీలో నిండుగా పోస్తే చార్జింగ్‌లో యాసిడ్ పొంగుతుంది, ఖద్దరు చొక్కాలకు చిల్లులు పడతాయి. ఉత్సాహం కొద్దీ ఎవరూ యాసిడ్ పోయకూడదు, నీళ్ళే పోయాలి. నీటి మట్టం చూపే ఫ్లోట్ పచ్చగీత చేరగానే ఫోటోగ్రాఫర్ ఇంకా అడిగినా ఆపేయాలి.

ప్యానెళ్ళు తుడిచే కార్యక్రమం తెల్లవారుజామునే పెట్టాలి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుంది. ఆ వేళకు ప్రముఖులు లేవకపోతే అటెండరే తుడిచేస్తాడు, ఫోటో తర్వాత తీయవచ్చు.

ఇక డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఖర్చు ఏ పద్దులో రాయాలన్న ప్రశ్న వస్తుంది. షామియానా బిల్లులో కలిపేయమని మనవి. అది ఆగిన దాఖలా ఏ మండలంలోనూ లేదు.